మైటర్ సా సెట్ కొంటున్నారా? ఉచితంగా ఇచ్చే బ్లేడ్‌తో జాగ్రత్త

మైటర్ సాతో (చెక్కను అడ్డంగా, కోణంలో కోసే మెషిన్) పాటు అదనపు బ్లేడ్ ఉచితం అని అమ్మే సెట్లు కొన్నవాళ్ళు, దయచేసి ఇది చదివాకే ప్లగ్ పెట్టండి. అలాంటి ఒక సెట్‌లో మాకొచ్చిన 10 అంగుళాల బ్లేడ్ అసలు మైటర్ సాకు పనికొచ్చేదే కాదు. టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడ్ పైకి వచ్చే మెషిన్) మీద చెక్కను నిలువునా చీల్చే 24 పళ్ళ బ్లేడ్ అది. అమ్మినవాళ్ళను అడిగితే "సైజు సరిపోయింది కదా" అన్నారు. సైజు ఒక్కటీ సరిపోతే చాలదు.

ముందు పళ్ళ వాలు చూడండి. చీల్చే బ్లేడ్ పళ్ళు తిరిగే వైపుకి బాగా వంగి ఉంటాయి, కొన్నిట్లో 20 డిగ్రీల దాకా. టేబుల్ సా మీద చెక్కను మనం తోస్తాం కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మైటర్ సాలో చెక్క కదలదు, బ్లేడే దాని మీదికి వస్తుంది. వంగిన పళ్ళు చెక్కను కొరికి పట్టుకుని బ్లేడ్‌ను లోపలికి లాగేస్తాయి. స్లైడింగ్ రకమైతే (తల, అంటే మోటారు, బ్లేడ్ ఉన్న భాగం, ముందుకీ వెనక్కీ జరిగేది) ఆ తల మొత్తం చెక్క మీదుగా ఎక్కి మన వైపు దూసుకొస్తుంది. అందుకే వాలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 డిగ్రీల లోపు ఉన్నది తీసుకోండి (మైనస్ అంటే పళ్ళు వెనక్కి వాలినవి). నున్నటి అడ్డకోతకి 60 నుంచి 80 పళ్ళు కావాలి.

తర్వాత నడిమి రంధ్రం. 30 మి.మీ. రంధ్రంలో పల్చటి రింగు పెట్టి 25.4 మి.మీ. ఇరుసుకి సరిపెట్టి ఇస్తున్నారు. రింగు వేలితో కదిలిందంటే ఆ బ్లేడ్ బిగించొద్దు, వణుకుతుంది. బ్లేడ్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మెషిన్ ఆర్‌పీఎం కన్నా తక్కువ ఉండకూడదు. ఏమీ రాసి లేకపోతే పక్కన పడేయండి. బ్లేడ్ మార్చేటప్పుడు ప్లగ్ పీకాలి. చాలా మెషిన్లలో ఆ బోల్టుకి ఎడమ మర ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. తెలియక రెండో వైపు బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది.

ప్లగ్ పెట్టకముందే తల కిందికి దించి వదలండి. కింది గార్డు (బ్లేడ్‌ను కప్పే తొడుగు) దానంతటది మూసుకోవాలి. సగంలో ఆగితే వైరుతో పైకి కట్టేసి వాడేవాళ్ళున్నారు, ఆ పని అస్సలు చేయొద్దు.

కోణం పరీక్షకి అంచులు సమాంతరంగా ఉన్న పలకను సరిగ్గా 90 డిగ్రీల కోణంలో అడ్డంగా కోయండి. ఒక ముక్కను తిరగేసి, రెండిటినీ ఫెన్స్‌కి (చెక్కను ఆనించే వెనక గోడ) ఆనించి కోసిన కొసలు కలపండి. సందు కనిపిస్తే అసలు తేడా అందులో సగం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాలుగు మూలల ఫ్రేమ్‌లో 8 కోతలుంటాయి. కోతకి అర డిగ్రీ పోయినా చివరి మూలకి 4 డిగ్రీల తేడా వస్తుంది.

కోసేటప్పుడు చెయ్యి బ్లేడ్‌కి కనీసం 15 సెం.మీ. దూరంలో ఉండాలి, గ్లవుజులు వద్దు. వంగిన చెక్క అయితే ఉబ్బిన వైపు ఫెన్స్‌కి ఆనించి క్లాంపు వేయండి, లేకపోతే కోత మూసుకుని బ్లేడ్‌ను నొక్కేస్తుంది. స్లైడింగ్ సాలో తల ముందు మన వైపు లాగి, స్విచ్ నొక్కి, కిందికి దించి, వెనక్కి తోస్తూ కోయాలి. కోత అయ్యాక స్విచ్ వదిలి, బ్లేడ్ పూర్తిగా ఆగాకే తల ఎత్తండి. తిరుగుతుండగా ఎత్తితే తెగిన చిన్న ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది.

ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా ప్యాకింగ్ పారేయకండి. గార్డు మూసుకోకపోయినా, కోణం సర్దినా నిలవకపోయినా వాపసు గడువు లోపే వీడియో తీసి పంపించేయండి.