జీడాల్, ప్రోజ్ ఎక్కించడానికి ఏ ప్యాకేజీ మేలు?

నిరుడు తిరుపతిలోని మా ల్యాబ్‌లో ఒక విద్యార్థిని స్వర్ణముఖి పరీవాహకంలోని చెరువులన్నిటికీ పటం తయారుచేసింది. తెరిచి చూస్తే పటంలో ఒక్క చెరువూ లేదు. వెతకగా వెతకగా అవన్నీ ఉత్తర ధ్రువానికి చేరువలో, స్వాల్‌బార్డ్ మంచు దీవుల మీద కనిపించాయి. తిరుపతి ఉన్నది సుమారు 13.6 డిగ్రీల అక్షాంశం, 79.4 డిగ్రీల రేఖాంశం దగ్గర. ఆ రెండు అంకెలూ తారుమారైతే చేరేది అక్కడికే.

ఆ అమ్మాయి లెక్క తప్పలేదు. పటాల ఫైళ్లను చదివే జీడాల్ అనే లైబ్రరీ, ప్రోగ్రాం రాసిన ఇంటి కంప్యూటర్‌లో 2వ వెర్షన్‌ది ఉంది, ల్యాబ్‌లో 3వది. 2019లో వచ్చిన 3.0 నుంచి ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ రేఖాంశాల పద్ధతికి ఉన్న సంకేత సంఖ్య) అంటే ముందు అక్షాంశం, తరువాతే రేఖాంశం. అంతకుముందు ఈ వరుస తిరగేసి ఉండేది. ఒకే తరగతిలో తలా ఒక చోటి నుంచి లైబ్రరీలు తెచ్చుకుంటే ఇలాంటివి తప్పవు. అందుకే ఈ పోలిక రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. జీడాల్ పటాల ఫైళ్లను, ఉపగ్రహ చిత్రాలను చదువుతుంది. ఒక నిర్దేశాంక పద్ధతి (చోటును అంకెల్లో చెప్పే తీరు) నుంచి మరోదానికి మార్చే పని ప్రోజ్ అనే లైబ్రరీది. ప్రోజ్ 6 నుంచి ఆ పద్ధతుల వివరాలన్నీ ప్రోజ్ డీబీ అనే ఒక డేటాబేస్ ఫైలులో ఉంటున్నాయి. లైబ్రరీ ఒక వెర్షన్‌ది, ఆ ఫైలు మరో వెర్షన్‌ది అయితే పని సాగదు. కాబట్టి ఏ ప్యాకేజీనైనా నేను చూసేది ఒక్కటే: ఈ రెండూ ఒకే చేతి మీదుగా వస్తున్నాయా?

విండోస్‌లో పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌ను ఒకే ఇన్‌స్టాలర్‌తో ఎక్కించవచ్చు, లేదా ఓఎస్‌జియోఫోర్‌డబ్ల్యూ అనే ప్యాకేజీల భాండారం ద్వారా కావలసినవి ఎంచుకుని తెచ్చుకోవచ్చు. రెండింటిలోనూ జీడాల్, ప్రోజ్ కలిసే వస్తాయి. మౌసుతో పటాలు గీసేవారికి ఇంతకన్నా సుఖం లేదు. చిక్కంతా విడిగా ఎక్కించిన పైథాన్‌తోనే. మా ల్యాబ్‌లో ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, అది ప్రోజ్ డీబీ ఎక్కడుందో చెప్పే ప్రోజ్ లిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను మొత్తం కంప్యూటర్‌కు వర్తించేలా మార్చి, తన పాత ప్రోజ్ డీబీ వైపు తిప్పేసింది. మరునాడు పైథాన్ ప్రోగ్రాములు ఒక్కటీ నడవలేదు. కారణం దొరికేసరికి పూట గడిచిపోయింది.

పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే పిప్ సంగతి క్లుప్తంగా చెబుతాను. దాంతో తెచ్చే రాస్టీరియో, పైప్రోజ్ అనే పైథాన్ ప్యాకేజీలు దేనికది తన సొంత ప్రోజ్‌ను వెంట తెచ్చుకుంటాయి. చిన్న పనికి పరవాలేదు, పెద్ద పనికి వద్దు.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు సొంత ప్యాకేజీల మీద నాకు గురి ఎక్కువ. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో భౌగోళిక సాఫ్ట్‌వేర్ చూసుకునే స్వచ్ఛంద బృందం వీటిని ఒకదానికొకటి సరిపోయేలా కట్టి ఇస్తే, ఉబుంటు అక్కడి నుంచి తీసుకుంటుంది. జీతం ఆశించకుండా చేసే ఈ చాకిరీకి మనం ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. ఉబుంటు 22.04 విడుదలలో జీడాల్ 3.4.1, 24.04లో 3.8.4. ఆ విడుదల ఉన్నన్నాళ్లూ ఆ వెర్షన్ మారదు. ఇరవై కంప్యూటర్లు ఉన్న గదికి కావలసింది ఈ నిలకడే. కొత్త సౌకర్యాలు ఆలస్యంగా అందుతాయన్నది నిజమే, కానీ చెరువు గట్టు గీయడానికి నిన్న వచ్చిన కొత్త వెర్షన్ అక్కరలేదు. జీడాల్ పైథాన్ ప్యాకేజీని కూడా ఉబుంటు నుంచే తీసుకోండి. పిప్‌తో తెస్తే దాని వెర్షన్ అక్కడున్న జీడాల్‌తో సరిపోవాలి, లేదంటే ఎక్కించడం మధ్యలోనే ఆగిపోతుంది.

ఇక కోండా ఫోర్జ్. కోండా అనే ఇన్‌స్టాలర్ కోసం ప్యాకేజీలు అందించే భాండారం ఇది. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కరలేదు. ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలకు విడి గూడు) పెట్టుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా ఒకే తీరు. హాస్టల్ గదిలో సొంత ల్యాప్‌టాప్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థికి నేను కళ్లు మూసుకుని దీన్నే చెబుతాను. వెర్షన్ల జాబితాను ఒక ఫైలులో రాసి ఇస్తే, చిత్తూరులో ఉన్న స్నేహితుడు అదే కూర్పును తన కంప్యూటర్‌లో నిలబెట్టుకోగలడు. సరిపోయే వెర్షన్లు వెతకడానికి ఒకప్పుడు చాలాసేపు పట్టేది. 2023లో కోండా ఈ వెతుకులాటను డిఫాల్ట్‌గా లిబ్‌మాంబా అనే వేగమైన సాధనానికి అప్పగించాక ఆ బాధ తగ్గింది. డౌన్‌లోడ్ మాత్రం పెద్దదే. కోండా ఫోర్జ్ ప్యాకేజీలలో కోండాకున్న మరో భాండారం, డిఫాల్ట్స్ ఛానెల్‌వి కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

నా తీర్పు ఇది: ల్యాబ్‌కు ఉబుంటు, సొంత ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు రాసేవారికి కోండా ఫోర్జ్, పటాలు గీయడం వరకే పని ఉన్నవారికి విండోస్ ఇన్‌స్టాలర్. ఒక ప్రాజెక్టులో ఏదో ఒకటే.

ఏది ఎక్కించినా చివర ఒక పరీక్ష పెడతాను. మన రెండు జిల్లా కేంద్రాలు తిరుపతి, చిత్తూరు, చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలంలోనే, అంటే ఈపీఎస్‌జీ 32644లో ఉన్నాయి. అక్షాంశం 13.6, రేఖాంశం 79.4 ఇచ్చి ఆ పద్ధతిలోకి మార్చమంటాను. తూర్పు విలువ 3,26,900 మీటర్లకు, ఉత్తర విలువ 15,04,060 మీటర్లకు దగ్గరగా రాకపోతే ఆ కంప్యూటర్ మీద ఎవరినీ పని మొదలుపెట్టనివ్వను.