అన్‌పివట్ మీద నాకున్న ఒకే ఒక్క కోపం

కాలమ్‌లను వరుసలుగా తిప్పడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అన్‌పివట్ అనే కమాండ్ ఉంది, సింటాక్స్ అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నా. చాలాకాలం వాడాక నా కోపమంతా ఒక్కదాని మీదే. విలువ నల్ అయితే, అంటే అక్కడ ఏ విలువా లేకపోతే, ఆ వరుసను చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు.

మా టేబుల్‌లో ఒక్కో బ్రాంచికి ఒక్కో వరుస, జనవరి నుంచి డిసెంబర్ దాకా 12 కాలమ్‌లు. ఆ నెల లెక్క ఇంకా పంపకపోతే నల్, పంపిన లెక్కే సున్నా అయితే సున్నా. రెండూ వేర్వేరు సంగతులు. దీన్ని అన్‌పివట్‌తో బ్రాంచి, నెల, మొత్తం అని తిప్పి దాని మీద రిపోర్టులు కట్టారు. వాటిలో ఒకటి లెక్క పంపని బ్రాంచిల జాబితా, మొత్తం నల్ అయినవి చూపించు అని చిన్న షరతు, అంతే. అది ఎప్పుడు తీసినా ఖాళీగానే వచ్చేది, అందరూ టైముకి పంపేస్తున్నారని పైవాళ్లు సంతోషపడేవాళ్లు. చివరికి ఒక బ్రాంచి వాళ్లే ఫోన్ చేసి, మేం ఏప్రిల్ లెక్క ఇంకా పంపలేదు, పెండింగ్ లిస్టులో మా పేరు ఎందుకు లేదండీ అని అడిగితే తప్ప సంగతి బయటపడలేదు. టేబుల్ తెరిస్తే ఏప్రిల్ కింద నల్ కనిపిస్తూనే ఉంది, అన్‌పివట్ అయ్యాక చూస్తే ఆ బ్రాంచికి మార్చి తర్వాత నేరుగా మే! అన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాకపోవడానికీ కారణం ఉంది. మొత్తం, సగటు లెక్కగట్టే సమ్, ఏవరేజ్ ఎలాగూ నల్‌ని లెక్కలోకి తీసుకోవు, కాబట్టి ఆ వరుసలు ఉన్నా పోయినా మొత్తాల్లో పిసరంత తేడా రాదు, సరిచూసేవాళ్లు చూసేదేమో మొత్తాలే.

ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ మామూలుగా ఇదే తీరు, కానీ అక్కడ ఇన్‌క్లూడ్ నల్స్ అని చేరిస్తే వరుసలు ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్‌లో అన్‌పివట్ వచ్చింది గానీ ఆ వెసులుబాటు రాలేదు. నల్ బదులు వేరే విలువ పెట్టే ఈజ్‌నల్‌తో ముందే సున్నా చేసేయమని కొందరంటారు, అలా చేస్తే పంపనివాళ్లూ సున్నా పంపినవాళ్లూ కలిసిపోతారు, నాకు కావలసిందే ఆ తేడా.

అన్‌పివట్ బదులు, టేబుల్‌లోని ప్రతి వరుసకూ మనం రాసిన చిన్న జాబితాను జతచేసే క్రాస్ అప్లైలో, ఆ జాబితాగా వాల్యూస్ రాయడం మొదలుపెట్టాక ప్రాణం లేచొచ్చింది. ఒక్కో బ్రాకెట్‌లో నెల పేరు, కామా, ఆ కాలమ్. నల్ నల్‌గానే వస్తుంది. కాలమ్‌కొక క్వెరీ రాసి అన్నీ కలిపే యూనియన్ ఆల్‌లో లాగా కాలమ్‌కొకసారి టేబుల్ మొత్తం చదవక్కర్లేదు. మొత్తం, బిల్లుల సంఖ్య రెండూ ఒకే వరుసలో కావాలంటే బ్రాకెట్‌లో ఇంకో కామా పెడితే సరి, అన్‌పివట్‌తో అయితే రెండుసార్లు తిప్పి మళ్లీ జత కలపాలి.

అన్‌పివట్‌కి కాలమ్‌ల టైపూ పొడవూ ఒకటే ఉండాలి, 50 అక్షరాల వర్‌క్యార్ (అక్షరాలు దాచే టైపు) పక్కన 100 అక్షరాలది పెడితే ఒప్పుకోదు. వాల్యూస్‌కి ఆ పట్టింపు లేదని చాలామందికి చెప్పాను, ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నా. ఇంటీజర్ (పూర్ణాంకాల టైపు), వర్‌క్యార్ కలిపితే అది అంతా ఇంటీజర్‌గా మార్చడానికి చూస్తుంది, అంకెలున్నంత కాలం బాగానే నడిచి, ఏదో ఒకరోజు అక్షరాలు వచ్చాక ఆగిపోతుంది. అందుకే టైపు మార్చే కాస్ట్ నేనే రాసేస్తాను. నెల పేర్లు కూడా చేత్తో రాయాలి కాబట్టి జూన్ అని రాసి పక్కన జూలై కాలమ్ పెట్టినా డేటాబేస్ ఏమీ అనదు. అన్‌పివట్ అయితే పేరు కాలమ్ నుంచే తీసుకుంటుంది, ఆ ఒక్క విషయంలో అదే నయం.

మా కాలమ్‌లు ఎప్పుడూ 12, మాది ఎస్‌క్యూఎల్ సర్వర్, మాకు నల్‌కి అర్థం ఉంది, కాబట్టి నా ఓటు వాల్యూస్‌కే. ఒరాకిల్‌లో ఉన్నవాళ్లకు ఈ తిప్పలక్కర్లేదు. నల్‌తో పనే లేనివాళ్లకు అన్‌పివట్ ఆ వరుసలను తీసేయడమే సుఖం కూడా. రోజూ కొత్త కాలమ్‌లు చేరే టేబుల్ అయితే రెండూ అంతే, క్వెరీని అప్పటికప్పుడు కోడ్‌తోనే తయారుచేసే డైనమిక్ ఎస్‌క్యూఎల్ తప్పదు. ఇప్పటికే అన్‌పివట్ మీద రిపోర్టులు నడుస్తుంటే మాత్రం, అసలు టేబుల్ వరుసలను తిప్పిన కాలమ్‌ల సంఖ్యతో గుణించి, తిప్పాక వచ్చిన వరుసలు అన్నే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.