కొత్తవారికి స్టార్ట్‌ఎక్స్ నేర్పడం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా శిక్షణ గదిలోని పాత కంప్యూటర్లలో 2018లో జుబుంటు 18.04 అనే లినక్స్ వ్యవస్థను వేశాము, తర్వాత మరో లినక్స్ అయిన డెబియన్ 12కు మారాము. రెండింటిలోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాపే. పేరు, పాస్‌వర్డ్ అడిగి నేరుగా డెస్క్‌టాప్ తెరిచే లైట్‌డీఎం ఉండగా, నల్లని తెర మీద లాగిన్ చేయించి, డెస్క్‌టాప్ తెరవడానికి స్టార్ట్‌ఎక్స్ అని టైపు చేయించడం దేనికని తోటివారు అడుగుతుంటారు. రోజువారీ పనికి లైట్‌డీఎమ్మే మేలని నేనూ అంటాను, కానీ మొదటి వారం మాత్రం దాన్ని ఆపి ఉంచుతాను.

స్టార్ట్‌ఎక్స్ అనేది ఎక్స్‌ఇనిట్‌ను పిలిచే చిన్న స్క్రిప్టు. తెర మీద కిటికీలు, బొమ్మలు చూపే ఎక్స్ సర్వర్‌ను మొదలుపెట్టేది ఆ ఎక్స్‌ఇనిట్. హోమ్ డైరెక్టరీలోని డాట్ ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలులో ఉన్న వరుసలు నడిచినంతసేపే ఎక్స్ సర్వర్ ఉంటుంది, అవి ముగియగానే అదీ ముగుస్తుంది. విద్యార్థులు తడబడేది ఇక్కడే. మొదటి వరుసలో ఎక్స్‌క్లాక్ అని రాసి దాని చివర యాంపర్సండ్ (&) గుర్తు, అంటే అది ముగిసేదాకా ఆగకుండా తర్వాతి వరుసకు వెళ్లమనే గుర్తు, పెట్టకపోతే, తెర మీద గడియారం ఒక్కటే కనిపిస్తుంది తప్ప డెస్క్‌టాప్ రాదు. పోనీ అని అన్ని వరుసలకూ ఆ గుర్తు పెడితే, తెర ఒక్కసారి మెరిసి మళ్లీ నల్లబడుతుంది. చివరి వరుసను, స్క్రిప్టు స్థానంలో ఆ ప్రోగ్రామునే నడిపే ఎగ్జెక్‌తో మొదలుపెట్టి, పై వరుసలకే యాంపర్సండ్ పెట్టాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా వంటబట్టలేదు కాని, ఈ రెండు తప్పులనూ కావాలనే చేయించినప్పటి నుంచి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

నన్ను ఎక్కువగా విసిగించినది, ఆదేశాన్ని రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పేరు మీద నడిపే సుడో. ఏది పనిచేయకపోయినా ముందు సుడో తగిలించే అలవాటు కొత్తవారికి ఎక్కడినుంచి అంటుకుంటుందో కాని, జుబుంటు 18.04లో స్టార్ట్‌ఎక్స్‌కు అలా చేస్తే హోమ్ డైరెక్టరీ వాడుకరిదే ఉండిపోయి, అందులో ఎక్స్ సర్వర్‌కు తాళంచెవిలా పనిచేసే డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరు మీదికి మారిపోయేది. ఆ తర్వాత లైట్‌డీఎంలో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తిరిగి లాగిన్ పెట్టె దగ్గరికే వచ్చేవారు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి కన్సోల్‌లోకి వెళ్లి, చోన్ ఆదేశంతో ఆ ఫైలును సొంతదారుకు అప్పగించడమే మందు.

ఇంకొక లోపం నాకు ఆలస్యంగా తెలిసింది. స్టార్ట్‌ఎక్స్‌తో వచ్చినవారు డెస్క్‌టాప్‌లో లాగౌట్ చేసి లేచి వెళ్లిపోతే, వెనుక నల్లతెర మీద వారి షెల్ (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాము) తెరిచే ఉంటుంది. తరువాతి బ్యాచ్ వారు వచ్చి దాని ముందే కూర్చుంటారు. అందుకే ఇప్పుడు మొదటి రోజునుంచే ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్ అని టైపు చేయిస్తున్నాను. షెల్ స్థానంలో స్టార్ట్‌ఎక్సే నడుస్తుంది కాబట్టి, లాగౌట్ చేయగానే నేరుగా లాగిన్ ప్రాంప్టే వస్తుంది.