ఫూర్నేరాన్ టర్బైనా, ఫ్రాన్సిస్ టర్బైనా: ఏది మేలు?

హైడ్రాలిక్ మెషీన్స్ పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడూ పిల్లలు అడిగేది ఇదే: "సార్, టర్బైన్‌ని ముందు నడిపి చూపించింది ఫూర్నేరాన్ కదా, మరి డ్యాముల దగ్గర ఎక్కడ చూసినా ఫ్రాన్సిస్ పేరే ఎందుకు?"

టర్బైన్ అంటే పారే నీటి జోరుకు తిరిగే రెక్కల చక్రం. ఫ్రెంచ్ ఇంజనీరు ఫూర్నేరాన్‌ని తక్కువ చేయడానికి వీల్లేదు. 1827లో, పాతికేళ్ల వయసులో, ఫ్రాన్స్‌లో ఆరు హార్స్‌పవర్ యంత్రం తిప్పాడు. పదేళ్లకు జర్మనీలోని సాంక్ట్ బ్లాసియెన్‌లో ఆయన పెట్టిన చక్రం అడుగు వెడల్పుది, అన్నం పళ్లెమంత. నూరు మీటర్ల పైనుంచి దిగిన నీటికి అది నిమిషానికి 2,300 చుట్లు తిరిగి 60 హార్స్‌పవర్ ఇచ్చింది. 1895లో నయాగరా దగ్గర పెట్టిన 5,000 హార్స్‌పవర్ యంత్రాలూ ఆయన తరహావే.

అయినా నా ఓటు ఫ్రాన్సిస్‌కే. తేల్చేది నీరు పారే దిక్కు. ఫూర్నేరాన్ చక్రంలో నీరు నడిమి నుంచి అంచుకు పోతుంది, ఫ్రాన్సిస్‌ చక్రంలో అంచు నుంచి నడిమికి వస్తుంది.

బకెట్‌లో నీళ్లు పోసి చేత్తో గిరగిరా కలపండి. నీరు నడుమ గుంట పడి అంచుకు ఎగబాకుతుంది. తిరిగేదాన్ని ఇలా బయటికి నెట్టేదే విసురు బలం. టర్బైన్‌తో నడిచే బట్టల మిల్లులో కొన్ని మగ్గాలు ఆగాయనుకోండి, భారం తగ్గి చక్రం జోరందుకుంటుంది. ఫూర్నేరాన్ చక్రంలో ఆ విసురు బలం ఇంకా నీటిని లాగుతుంది, జోరు ఇంకా పెరుగుతుంది. ఫ్రాన్సిస్ చక్రంలో అదే బలం వచ్చే నీటికి ఎదురు నిలుస్తుంది. చక్రమే తనను తాను కొంత పట్టుకుంటుంది.

లోపలికి పారే చక్రానికి 1838లోనే శామ్యూల్ హౌడ్ పేటెంట్ తీసుకున్నాడు. కానీ అమెరికాలోని లోవెల్ ఊరి బట్టల మిల్లులకు కాలువ నీరు పంచే ఇంజనీరుగా ఫ్రాన్సిస్ ప్రతి చుక్కా కొలిచి, రెక్కల వంపు లెక్కగట్టి, 1855లో ఆ ఫలితాలన్నీ అచ్చువేయించాడు. నాకు ఆయన మీద గౌరవం ఆ కొలతల వల్లే.

పెల్టన్, కాప్లాన్ అనే మరో రెండు రకాల టర్బైన్ల దారి వేరు. కొద్ది నీరు చాలా ఎత్తు నుంచి దూకితే పెల్టన్, ఎత్తు తక్కువై నీరు దండిగా ఉంటే కాప్లాన్. పోలవరానికి కాప్లాన్ ఎంచుకున్నారు.

శ్రీశైలం ఎడమగట్టున భూమి లోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. కరెంటు ఇచ్చే ఆ ఫ్రాన్సిస్ చక్రాలనే వెనక్కి తిప్పి నీటిని పైకి తోడేలా కట్టారు. అప్పుడు నీరు నడిమి నుంచి అంచుకు పోతుంది, చేలో మోటారు పంపులో పోయినట్టే. ఫూర్నేరాన్ చక్రాన్ని వెనక్కి తిప్పితే నీటిని అంచు నుంచి నడిమికి లాగాలి. విసురు బలమంతా దానికి అడ్డే.