స్టెల్లారిస్ ఓవర్‌లార్డ్: కప్పం లెక్క ఎక్కడ తప్పుతోంది?

స్టెల్లారిస్ అంతరిక్షంలో సామ్రాజ్యాలు నడిపే కంప్యూటర్ గేమ్. సామంతులను పెట్టుకుని ఆడాలనే ఆశతోనే చాలామంది దానికి ఓవర్‌లార్డ్ డీఎల్‌సీ (విడిగా అమ్మే అదనపు భాగం) కొంటారు. 2022 మే 12న, 3.4 అప్‌డేట్‌తో పాటు వచ్చింది. అంతకు ముందు ఈ ఆటలో కప్పం అంటే ట్రిబ్యుటరీ (కప్పం కట్టే సామంతుడు) దగ్గర ఎనర్జీలో, మినరల్స్‌లో 25 శాతం తీసుకోవడం. బేరం లేదు, షరతు లేదు. ఓవర్‌లార్డ్ కాలం నుంచి ప్రతి సామంతుడితోనూ విడిగా ఒప్పందం రాసుకోవచ్చు. ఎంత పన్ను, ఎంత సాయం, యుద్ధంలో ఎవరి వెంట ఎవరు రావాలి, కొత్త నక్షత్ర వ్యవస్థల్లోకి విస్తరించే హక్కు ఉందా లేదా, అన్నీ అందులోనే. ఆలోచన చాలా గొప్పది. కానీ ఒప్పందంలో డబ్బుకు సంబంధించిన భాగం ఒక తప్పుడు పునాది మీద నిలబడింది. అది తెలియకుండా ఆడితే యాభై ఏళ్ల ఆట చేతికందకుండా పోతుంది.

ఆ పునాది ఏమిటంటే, పన్ను సామంతుడి మిగులు మీద పడదు, మొత్తం ఉత్పత్తి మీద పడుతుంది. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులు తీయకుండా పండిన బస్తాలన్నిటి మీదా కౌలు కట్టించుకున్నట్టు. పంట బాగున్న ఏడు కూడా రైతుకు అప్పే మిగులుతుంది.

3.x వెర్షన్ల అంకెలతో ఒక లెక్క వేసి చూద్దాం. సామంతుడి గనుల్లో నెలకు 200 మినరల్స్ వస్తున్నాయి. అతని దగ్గర అల్లాయ్స్ (మిశ్రలోహాలు) తయారుచేసే 20 మంది మెటలర్జిస్టులు ఉన్నారు. ఒక్కొక్కరు 6 మినరల్స్ తీసుకుని 3 అల్లాయ్స్ ఇస్తారు కాబట్టి 120 మినరల్స్ పోయి 60 అల్లాయ్స్ వస్తాయి. పదిమంది ఆర్టిజన్లు ఇంకో 60 మినరల్స్ తిని 60 కన్స్యూమర్ గూడ్స్ (జనం వాడే సరుకులు) చేస్తారు. మిగిలేది 20. ఇప్పుడు మినరల్స్, ఎనర్జీ లాంటి బేసిక్ వనరుల మీద 30 శాతం పన్ను పెట్టారనుకోండి. మీకు 60 మినరల్స్ వస్తాయి, అతను నెలకు 40 లోటులో పడతాడు. పన్ను కట్టాల్సి వచ్చిందని ఫ్యాక్టరీలు తమ వాడకం తగ్గించుకోవు. ఆ ఉద్యోగాలకు కావలసిన 180 మినరల్స్ ఎప్పటిలాగే ఖర్చవుతూనే ఉంటాయి.

పైగా దెబ్బ రెండుసార్లు తగులుతుంది. గనిలో ఒకసారి పన్ను కట్టిన మినరలే ఫ్యాక్టరీలో అల్లాయ్‌గా మారాక అడ్వాన్స్‌డ్ వనరుల పద్దు కింద మళ్ళీ పన్ను కడుతుంది. ఆ పద్దులో అల్లాయ్స్, కన్స్యూమర్ గూడ్స్ కలిసే ఉంటాయి, ఒకటి వదిలి ఒకటి తీసుకోవడానికి వీల్లేదు. అల్లాయ్స్ కోసం 30 శాతం పెడితే, 60 కన్స్యూమర్ గూడ్స్‌లో 18 కూడా వచ్చేస్తాయి. జనాభాకూ పరిశోధకులకూ కలిపి 55 అవసరమైతే నెలకు 13 లోటు. ఒక్కో పరిశోధకుడికి 2 గూడ్స్ కావాలని గుర్తుంచుకుంటే, నష్టం ముందు ఎక్కడ తేలుతుందో చెప్పనక్కర్లేదు.

ఇది వెంటనే బయటపడదు, అసలు చిక్కంతా అక్కడే. సామంతుడి ఖజానాలో 2000 మినరల్స్ నిల్వ ఉంటే, నెలకు 40 చొప్పున కరిగిపోవడానికి 50 నెలలు, అంటే నాలుగేళ్లు దాటుతుంది. ఆ నాలుగేళ్లూ మీ స్క్రీన్ పైభాగంలో ఆదాయం పచ్చగానే కనిపిస్తుంది. నిల్వ సున్నా అయిన నెల నుంచి ఆటలో కొరత సిచువేషన్ (కొరతకు వేసే శిక్ష) మొదలై ఉత్పత్తి పడిపోతుంది. దానితో మీకొచ్చే వాటా కూడా పడిపోతుంది. ఒప్పందంలో ఏ మార్పూ చెయ్యకుండానే కప్పం ఎందుకు తగ్గిందని వెతికేవాళ్లకు జవాబు నాలుగేళ్ల వెనక ఉంటుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుని గేమ్ ఫైళ్లు వెరిఫై చేసుకుంటారు. దానివల్ల ప్రయోజనం లేదు. లెక్క అలా రాసి ఉంది, అంతే.

సాయం వైపు కూడా ఇదే తిరకాసు, కాకపోతే ఈసారి దెబ్బ చక్రవర్తికి. మీరిచ్చే సబ్సిడీ మీ ఆదాయంలో శాతం కాదు, సామంతుడి ఉత్పత్తిలో శాతం. అతను 300 ఎనర్జీ తీస్తుంటే 30 శాతం కింద మీరు 90 ఇస్తారు. పదేళ్లలో అతను 500కి పెరిగితే మీ చేతి నుంచి 150 పోతుంది. మీ దగ్గర అంత మిగులు ఉందా లేదా అని ఆట అడగదు. సబ్సిడీ ఆశ చూపించి తెచ్చుకున్న బల్వార్క్‌లు (రక్షణ కోసం పెట్టుకునే సామంతులు) రెండు మూడు ఒకేసారి ఎదిగితే మీ ఎనర్జీ లోటులోకి దిగడం ఖాయం. అందుకే సబ్సిడీ ఇచ్చిన ప్రతి ఒప్పందాన్నీ అయిదేళ్లకొకసారైనా తెరిచి చూడాలి.

పన్ను ఎంత పెట్టాలో ఊహించాల్సిన పని లేదు, కొలిచి చూడవచ్చు. ఐరన్‌మ్యాన్ (కన్సోల్ పనిచేయని మోడ్) కాని ఆటను సేవ్ చేసి, ఎస్కేప్ కింది కీతో కన్సోల్ (కమాండ్లు టైప్ చేసే పెట్టె) తెరిచి డీబగ్‌టూల్‌టిప్ (debugtooltip) కమాండ్ ఇవ్వండి. సామంతుడి మీద మౌస్ ఉంచితే దేశం నంబరు కనిపిస్తుంది. ప్లే (play) కమాండ్ తర్వాత ఆ నంబరు కొడితే అతని కుర్చీలో మీరు కూర్చుంటారు. పైన ప్రతి వనరు మీద మౌస్ పెట్టి రాబడి ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎంత అని రాసుకోండి. తర్వాత సేవ్ లోడ్ చేసి వెనక్కి రండి. మిగులును మొత్తం రాబడితో భాగిస్తే వచ్చేదే అతను భరించగల పన్ను. పై ఉదాహరణలో 200కి 20, అంటే 10 శాతం. ఒప్పందంలో మెట్లు 15 శాతం చొప్పున ఉంటాయి కాబట్టి అతని బేసిక్ పన్ను సున్నా దగ్గరే ఉండాలి.

పన్ను తగ్గించే ఉద్దేశం లేకపోతే ఇంకో దారి ఉంది, ఇది బాగా పనిచేస్తుంది. డిప్లమసీలో ట్రేడ్ డీల్ తెరిచి, లోటున్న వనరును నెలనెలా తిరిగి పంపించండి. 40 మినరల్స్ వెనక్కి ఇస్తే మీకు 20 మిగులుతాయి, అతని ఫ్యాక్టరీలు ఆగవు, అల్లాయ్స్ వాటా నిలబడుతుంది. శాతంలా కాకుండా అంకె స్థిరంగా ఉంటుంది కాబట్టి మీ బడ్జెట్ కూడా అదుపులో ఉంటుంది. సామంతుడు అవే మినరల్స్‌ను మార్కెట్‌లో కొనుక్కోవాలంటే మొదట్లో 30 శాతం ఫీజు అదనంగా కట్టాలి, అందుకని నేరుగా పంపడమే ఇద్దరికీ లాభం. డీల్ గడువు ముగిసే తేదీ మాత్రం రాసిపెట్టుకోండి.

పరిశోధన మీద పన్ను వేరే కథ. దానికి నెలవారీ ఖర్చు అంటూ ఉండదు, అందువల్ల మొత్తం మీద తీసుకున్నా మిగులు మీద తీసుకున్నా ఒకటే. సామంతుడు టెక్నాలజీలో వెనకబడతాడు గానీ దివాలా తీయడు. ఈ కారణంగానే మూడు స్పెషలిస్టు సామంత రకాల్లో, పరిశోధన కోసం పెట్టుకునే స్కాలేరియం అన్నిటికన్నా నమ్మకంగా పనిచేస్తుంది. ప్రాస్పెక్టోరియం బేసిక్ వనరుల మీదే బతికే రకం కాబట్టి పైన చెప్పిన లోటు దానికి ముందు తగులుతుంది. హైవ్‌మైండ్‌కు (ఒకే మనసుతో నడిచే జాతి), యంత్ర సామ్రాజ్యానికి సాధారణంగా కన్స్యూమర్ గూడ్స్ అవసరం ఉండదు, కాబట్టి అడ్వాన్స్‌డ్ పన్ను వేయదలిస్తే ముందు వాళ్ల మీద వేయండి.

పన్ను పెంచినకొద్దీ విధేయత తగ్గుతుంది. అది సున్నా కిందకు దిగితే సామంతుడు మీ శత్రువుకు రహస్యంగా మాట ఇస్తాడు. సామంతుల సంఖ్య పెరిగినా అందరి విధేయత తగ్గుతుంది. కాబట్టి అయిదుగురు బక్కచిక్కిన సామంతుల కన్నా ఇద్దరు బలిసినవాళ్లు మేలు.

2025 మే 5న వచ్చిన 4.0 వెర్షన్ ఈ లెక్కలో ఒక పెద్ద ముక్క మార్చింది. ట్రేడ్ రూట్లు, పైరసీ పోయాయి. ట్రేడ్ నిల్వ చేసుకునే వనరైంది, మార్కెట్‌లో ఎనర్జీకి బదులు దానితోనే కొనాలి. ఒక గ్రహంలో స్థానికంగా లోటుంటే దానికీ ట్రేడ్ ఖర్చవుతుంది. కాబట్టి సామంతుణ్ణి ఎంచుకునేటప్పుడు అతని ట్రేడ్ ఆదాయం కూడా చూడాలి. ట్రేడ్ లేని సామంతుడికి లోటు వస్తే కొనుక్కునే దారి కూడా ఉండదు.

డీఎల్‌సీలో మిగతావి, ముఖ్యంగా హైపర్ రిలేలు (ప్రయాణం వేగం చేసే కట్టడాలు), ఆర్బిటల్ రింగులు (గ్రహం చుట్టూ కట్టే వలయాలు), డబ్బుకు తగినవే. ఇంపీరియల్ ఫీఫ్‌డమ్ అనే ఆరిజిన్‌లో (ఆట మొదట్లో ఎంచుకునే నేపథ్యం) మీరే సామంతుడిగా మొదలవుతారు. సబ్సిడీ లెక్క మీ ఉత్పత్తిని బట్టి నడుస్తుంది కాబట్టి ఆ కుర్చీ నుంచి చూస్తే ఇదే లోపం వరంగా కనిపిస్తుంది. ఒప్పందాల కోసమే కొనేవాళ్లు మాత్రం డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి. 3.x ఆటను సగంలో వదిలేసినవాళ్లు దాన్ని 4.0లో కొనసాగించవద్దు. స్టీమ్‌లో స్టెల్లారిస్ ప్రాపర్టీస్ తెరిచి, బీటాస్‌లో 3.14 ఎంచుకుంటే పాత సేవ్ పాత లెక్కతోనే నడుస్తుంది.