ఫోన్‌తో వేధించే భర్త: పోలీసు కేసా, గృహహింస పిటిషనా, ఏది మేలు?

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు ఆడపిల్లల్లో కొందరికి వేధింపు ఇప్పుడు ఫోన్‌లోంచే వస్తోంది. భర్త చెయ్యి చేసుకోడు. కానీ ఆఫీసు నుంచి బయల్దేరగానే లైవ్ లొకేషన్ చూస్తాడు. ఫాస్టాగ్ మెసేజ్ తన నంబరుకే వస్తుంది కాబట్టి, ఎలక్ట్రానిక్ సిటీ టోల్ ఎందుకు దాటావని నిలదీస్తాడు. హాల్లో కెమెరా, ఆమె జీమెయిల్ పాస్‌వర్డ్ రెండూ అతని చేతిలోనే ఉంటాయి. భరించలేక మారతహళ్లిలో పీజీకి మారితే రాత్రంతా కొత్త కొత్త నంబర్ల నుంచి కాల్స్, మేనేజరుకు మెయిల్స్. "కొట్టలేదు కదా, దానికి కేసేంటి?" అనే మాట కన్నవాళ్ల నోటి నుంచే వినాల్సి రావడం అన్నిటికన్నా బాధ.

కొట్టకపోయినా అది హింసే. 2005 గృహహింస చట్టం మాటలతో, మానసికంగా, డబ్బు విషయంలో పెట్టే బాధలను కూడా హింసగానే లెక్కిస్తుంది. కాబట్టి కేసు అవుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. ముందు ఏ గుమ్మం ఎక్కాలన్నదే తేల్చుకోవాలి.

పోలీసు దారిలో సెక్షన్లకు కొదవ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడం స్టాకింగ్ (వెంటపడి వేధించడం) కిందికి వస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. భర్తకు మినహాయింపు అని అందులో ఎక్కడా లేదు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498ఎ స్థానంలో వచ్చిన 85వ సెక్షన్ భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి మూడేళ్ల వరకు శిక్ష వేస్తుంది. ఆమె పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి, అనుమతి లేకుండా ఆంతరంగిక చిత్రాలు తీసినా పంపినా 66ఇ వర్తిస్తాయి. లైంగిక దృశ్యాలను ఆన్‌లైన్‌లో పెడితే 67ఎ, మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఇవన్నీ నేరం రుజువయ్యాక పడే శిక్షలు. ఎఫ్ఐఆర్, దర్యాప్తు, చార్జిషీటు, విచారణ దాటడానికి ఏళ్లు పట్టవచ్చు. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చేయనక్కర్లేదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అంటే ఉదయం స్టేషన్‌కు వెళ్లిన భర్త సాయంత్రానికి ఇంటికొచ్చి మళ్లీ మెసేజ్ పెట్టగలడు. ఆమె ఫోన్‌ను కూడా సాక్ష్యంగా అడగవచ్చు. బ్యాంకు, ఆఫీసు లాగిన్లు అన్నీ అందులోనే ఉన్న మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు.

గృహహింస పిటిషన్ పని చేసే తీరు వేరు. అది జరిగినదానికి శిక్షకన్నా ముందు, రేపు జరగబోయేదాన్ని ఆపమని అడుగుతుంది. 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వులో ఫోన్, ఎలక్ట్రానిక్ సంప్రదింపులతో సహా ఏ రూపంలోనూ ఆమెను సంప్రదించకూడదని రాయవచ్చు. ఆమె పనిచేసే చోటికి రావద్దని కూడా చేర్చవచ్చు. విషయం అత్యవసరమైతే ఆమె అఫిడవిట్ చూసి, అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం 23వ సెక్షన్‌లో ఉంది. అదే పిటిషన్‌లో ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల కస్టడీ అడగవచ్చు. విడాకులు అడగాల్సిన పని లేదు. పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్లకూ ఈ దారి తెరిచే ఉంది.

నన్ను ఈ పక్షానికి తిప్పింది 31వ సెక్షన్. ఉత్తర్వు ఉండగా అతను ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టినా అదే ఒక కొత్త నేరం. ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్ బెయిలబుల్. పైగా బాధితురాలి సాక్ష్యం ఒక్కదానితోనే నేరం జరిగిందని కోర్టు తేల్చవచ్చని చట్టమే చెబుతోంది. అప్పటిదాకా "భార్యకు ఫోన్ చేస్తే తప్పా?" అని అడిగిన మనిషికి ఆ మాట అనే వీలుండదు.

లోటు లేదని కాదు. పిటిషన్‌ను 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా ఆ గడువు తరచూ దాటిపోతుంది. ఫేక్ అకౌంట్ ఎవరిదో కనిపెట్టడం మేజిస్ట్రేట్ పని కాదు, పోలీసుల పని. అందుకే నా అభిప్రాయం ఇది: నిఘా, కాల్స్, తిట్లు, పరువు తీసే మెయిల్స్ అయితే ముందు గృహహింస పిటిషన్. ఆంతరంగిక ఫొటోలు బయటపెట్టినా, పెడతానని బెదిరించినా, చంపుతానన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. ప్రాణభయం ఉంటే 112. బెంగళూరులో సైబర్ నేరాలకు ప్రత్యేక పోలీసు స్టేషన్లు ఉన్నాయి. ఫిర్యాదు కన్నడలో రాస్తే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఒకటి వేశాక రెండోది వేయకూడదన్న నిబంధన లేదు.

పెద్దమనుషుల పంచాయితీ సంగతి ఒక్క మాటలో చెబుతాను. అక్కడ ఇచ్చిన మాట తప్పితే ఏ శిక్షా ఉండదు. ఫోన్ వేధింపులో దాన్ని నేను దారిగా లెక్కపెట్టను.

ఏ దారికైనా ముందు సాక్ష్యం కావాలి. భయంతో ఫోన్ రీసెట్ చేస్తే మెసేజ్‌లన్నీ పోతాయి. స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ, సమయం కనపడాలి. అసలు మెసేజ్ కూడా ఫోన్‌లోనే ఉంచాలి. కోర్టులో ప్రింట్లు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది లాయరుకు గుర్తు చేయండి. పాస్‌వర్డ్‌లు మార్చడం, సలహా వెతకడం అతని చేతికి అందని వేరే ఫోన్ నుంచి చేయడం క్షేమం. నిఘా ఉన్న ఫోన్‌లో లాయరు నంబరు వెతికితే ముందుగా తెలిసేది అతనికే.

పుట్టింటికి అనంతపురమో చిత్తూరో వెళ్లిపోయినా పిటిషన్ కోసం బెంగళూరు తిరగనక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనైనా వేసుకోవచ్చని గృహహింస చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. 498ఎ కేసు కూడా తలదాచుకున్న చోట పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు గురించి వెనకాడేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది: ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100.