పోర్చుగల్ కాగితాల కోసం కర్నూలు నుంచి బెంగళూరు దాకా

యూరప్ వీసా అనగానే మా కర్నూలులో అందరూ చూపించే దారి హైదరాబాదే. రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, ఏ వేళకైనా దొరికే బస్సులు, దిగితే తలదాచుకోవడానికి ఎవరో ఒక బంధువు. నేను మాత్రం దక్షిణానికి తిరిగాను. కడపలో ఉండే మా జూనియర్‌కు అనంతపురం జేఎన్‌టీయూలో డిగ్రీ పట్టా పని ఉంది. అనంతపురం చేరాక బెంగళూరు అక్కడికి ఎంత దూరమో, కర్నూలుకు హైదరాబాదు ఇంచుమించు అంతే దూరం. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పోవడమే. మన కాగితాలు అసలువేనని విదేశాలకు చెప్పే విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర రెండు నగరాల్లోనూ వేయించుకోవచ్చు. తోడు కూడా దొరికాడు కదా అని బయలుదేరాను.

ఇద్దరిదీ ఒకే రకం ఉద్యోగం. కంపెనీ ఎక్కడో ఉంటుంది, ఆఫీసు మాత్రం మా ఇళ్ళలోనే. నేను పోర్చుగల్ డీ8 వీసాకు, అతను స్పెయిన్ డిజిటల్ నోమాడ్ వీసాకు కాగితాలు కూడగడుతున్నాం. రెండూ ఇలా దూరం నుంచి పనిచేసేవాళ్ళ కోసం 2022 చివర్లో పుట్టినవే. పోర్చుగల్ అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం అడుగుతుంది. 2025 లెక్కలో అది నెలకు 3,480 యూరోలు. స్పెయిన్‌కు రెండు రెట్లు చాలు. కానీ స్పెయిన్ వాళ్ళు పట్టా గానీ మూడేళ్ళ అనుభవం గానీ చూపించమంటారు. మా జూనియర్‌కు ఇంకా మూడేళ్ళు నిండలేదు. అందుకే అనంతపురం.

అంతకంటే ముందు, మన మీద కేసులేమీ లేవని చూపే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ సంగతి చెప్పాలి. ఒకప్పుడు దీనికోసం పెద్ద పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉన్న ఊరికి పోవలసి వచ్చేది. 2022 సెప్టెంబరు చివరి నుంచి తపాలా కార్యాలయాల్లోని సేవా కేంద్రాల్లోనూ తీసుకుంటున్నారు. ఐదు వందల రూపాయల రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, సమయం తీసుకుని, కర్నూలు పోస్టాఫీసుకు నడిచి వెళ్ళాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన సేవ ఇదే. కుర్చీలు తక్కువ, ఫ్యాను ఒక్కటే, అయినా పిలిచిన సమయానికే పిలిచారు. దరఖాస్తులోనే ఏ దేశానికో ఎంచుకోవాలి, సర్టిఫికెట్ మీద ఆ పేరే వస్తుంది. రేపు మనసు మారి మరో దేశం అనుకుంటే మళ్ళీ మొదటి నుంచి రావాలి. కాబట్టి దేశం తేల్చుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. తరువాత పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. చిరునామా రుజువులు, ఇద్దరు ఇరుగుపొరుగుల వివరాలు సిద్ధంగా ఉంచుకుంటే ఆ విడత తొందరగానే ముగుస్తుంది.

అనంతపురంలో జూనియర్‌కు పట్టా కంటే పేరు పెద్ద చిక్కయింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పట్టాలో దాని మొదటి అక్షరం మాత్రమే ఉంది. మన వాళ్ళలో సగం మందికి ఇదే కథ. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు పొడి అక్షరం వేస్తాడు, పాతికేళ్ళ తరువాత ఐరోపా గుమాస్తా ఇద్దరు మనుషులా అని అడుగుతాడు. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, దాన్నీ కట్టలో చేర్చాం.

బసకు మొదట బస్టాండు పక్కన లాడ్జి చూశాం. మామూలు ప్రయాణికుడికి దానికి వంక పెట్టనక్కరలేదు. దుప్పటి శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వస్తున్నాయి. కానీ మాకు సాయంత్రం నుంచి రాత్రి పదిన్నర దాకా పని. గదిలో ఉన్న ఒకే ఒక్క బల్ల మీద టీవీని మేకులతో బిగించారు. వైఫై గుమ్మం దాటితేనే అందుతుంది. మేనేజరు మర్యాదస్థుడు, వరండాలో కుర్చీ వేయిస్తానన్నాడు. వరండా కింద బస్సుల హారన్లు. క్లాక్ టవర్ నుంచి కాస్త లోపలికి వెళ్ళి మరో చోటు చూశాం. రోజుకు నాలుగు వందలు ఎక్కువ. అక్కడ రాసుకునే బల్ల ఉంది. దాని పక్కనే ప్లగ్గు. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద వైఫై రూటరు వెలుగుతూనే ఉంది. లాడ్జిలు అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: గది ఫొటో కాదు, కరెంటు పోతే వైఫై ఉంటుందా అని అడగండి. పొద్దున వీధి చివర తిన్న ఉగ్గాని, బజ్జీ గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. సీమలో అది బాగాలేకపోతేనే వార్త.

బెంగళూరులో మెజెస్టిక్ బస్టాండు దాకా పోకుండా హెబ్బాళ దగ్గరే దిగిపోయాం. మన వైపు నుంచి వెళ్ళే బస్సులు ఉత్తరం నుంచే ఊళ్ళోకి వస్తాయి కాబట్టి, అక్కడ గది తీసుకుంటే ట్రాఫిక్‌లో కనీసం గంట మిగులుతుంది. గది చిన్నది, అద్దె అనంతపురానికి రెట్టింపు, నెట్ మాత్రం భేష్. అపోస్టిల్‌కు కాగితాలను విదేశాంగ శాఖ మన చేతుల నుంచి నేరుగా తీసుకోదు, వాళ్ళు నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు, దానిమీద ఏజెన్సీ సేవా రుసుము కొద్దిగా. అసలు జాబితాలో లేని ఒక దళారీ ఇదే పనికి వేలల్లో అడిగాడు, పైగా రసీదు ఇవ్వనన్నాడు. పోలీస్ సర్టిఫికెట్‌కు నేరుగా అపోస్టిల్ వేస్తారు. పట్టాకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ కావాలి. దాంతో జూనియర్ వెనుకబడ్డాడు. నా కాగితం వెనుక అతికించిన చిన్న స్టిక్కరు మీద ఒక సంఖ్య ఉంది, దాన్ని ఆన్‌లైన్‌లో కొట్టి అసలుదో కాదో చూసుకోవచ్చు. చూసుకున్నాకే డబ్బు ఇచ్చాను.

ఇంత తిరిగినా అసలు గండం ఏ ఊళ్ళోనూ లేదు, కంపెనీ రాసే ఉత్తరంలో ఉంది. మా హెచ్‌ఆర్ మొదట పంపినది రెండు వాక్యాలు: ఈయన మా ఉద్యోగి, జీతం ఇంత. అది బ్యాంకు లోనుకు పనికొస్తుంది, దీనికి రాదు. దూరం నుంచి పనిచేయడానికి అనుమతి ఉందని, పోర్చుగల్‌లో ఉండి చేసినా ఉద్యోగం సాగుతుందని, ఒప్పందం ఎప్పటి నుంచో, హోదా ఏమిటో స్పష్టంగా రాయమని పట్టుబట్టాను. కర్నూలులో ఒక కన్సల్టెంటు అరవై వేలు ఇస్తే అన్నీ చూసుకుంటానన్నాడు. ఈ ఉత్తరం కూడా చూసుకుంటారా అంటే, అది మీరే తెచ్చుకోవాలి సార్ అన్నాడు. మిగిలిన వాటికి అరవై వేలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

జూనియర్‌కు ఇక్కడే తలుపు మూసుకుంది. స్పెయిన్‌లో ఉద్యోగి సామాజిక భద్రత (పింఛను, బీమా లాంటివి) ఎవరి కింద ఉందో చూపాలి. అది ఇక్కడే ఉందని మన భవిష్య నిధి సంస్థ ఈపీఎఫ్‌ఓ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్, ఈ విషయంలో మనతో ఒప్పందం ఉన్న దేశాలకే చెల్లుతుంది. ఆ జాబితాలో పోర్చుగల్ ఉంది, 2017 నుంచి అమల్లో ఉంది. మేము చూసినప్పుడు స్పెయిన్ లేదు. ఒప్పందం లేకపోతే కంపెనీయే అక్కడ నమోదు చేసుకోవాలి. ఒక్క ఉద్యోగి కోసం ఏ కంపెనీ ఆ తలనొప్పి నెత్తికెత్తుకుంటుంది? కుదరదని ఒక్క మెయిల్‌లో తేల్చేశారు.

"అన్నా, ఇక పట్టా ముద్ర ఎందుకు, ఇంటికి పోతా" అన్నాడు. వేయించుకో, మరోదానికి పనికొస్తుంది అన్నాను. వినలేదు.

నా దరఖాస్తు వీసా కేంద్రంలో పడింది. మంజూరైతే మొదట నాలుగు నెలల వీసా, ఆ లోపు అక్కడికి వెళ్ళి నివాస అనుమతికి హాజరు కావాలి. ఏడాదిలో 183 రోజులు దాటితే అక్కడి పన్ను లెక్కలోకి వస్తాం కాబట్టి జీతం చూసి మురిసిపోయే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవడం మంచిది.

జూనియర్ ఇప్పుడు థాయ్‌లాండ్ వైపు చూస్తున్నాడు. 2024లో వాళ్ళు తెచ్చిన డీటీవీ అనే వీసా ఐదేళ్ళది, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజులు ఉండవచ్చు, దరఖాస్తు కడపలో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ఐదు లక్షల బాత్ తన పేరిట ఖాతాలో చూపించాలి. సగం తన పొదుపు, సగం వాళ్ళ నాన్న సర్దారు. వీసా వచ్చేదాకా ఆ డబ్బు కదలకూడదు. ఆయనేమో పొలంలో బోరు వేయించాలి, ఎప్పుడు తిరిగి ఇస్తావని రోజూ అడుగుతున్నారట.